సంక్రాంతికి ముందు ఫ్లూ టీకా: ఇంట్లోనా, క్లినిక్‌లోనా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అత్తయ్యగారికి 68 ఏళ్ళు, షుగరు ఉంది, ఆయాసం ఉంది. పోయిన సంక్రాంతికి హైదరాబాద్ నుంచి పిల్లలు దగ్గుతూ దిగారు, వాళ్ళు తిరిగి వెళ్ళేసరికి ఈవిడ మంచం పట్టి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఈసారి ముందే ఫ్లూ టీకా వేయిద్దామంటే "అది పొడిపించుకుంటేనే జ్వరం వస్తుందట, నాకొద్దు" అంటున్నారు. అమలాపురం క్లినిక్ దాకా తీసుకెళ్ళడం కష్టమే. మందుల షాపులో కొనుక్కొస్తే ఇంటికొచ్చి వేస్తానని మా ఊరి ఆర్‌ఎంపీ గారు అన్నారు. అలా చేయొచ్చా?
- ఓ కోడలు, కోనసీమ

జవాబు: వేయించండమ్మా, తప్పకుండా వేయించండి, కానీ ఇంట్లో వద్దు. కష్టమైనా ఒక్కపూట ఆటో మాట్లాడుకుని క్లినిక్‌కే తీసుకెళ్ళండి.

ఎందుకంటే ఈ మందు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలోనే ఉండాలి. వేడెక్కితే పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది, ఈ రెండో సంగతి చాలామందికి తెలియదు. షాపువాళ్ళు ఐసు ముక్కల మధ్య పెట్టి ఇస్తారు, మీరు ఇంటికి తెచ్చి ఇంకాస్త చల్లగా ఉంటుందని డీప్ ఫ్రిజ్‌లో పెడతారు, ఆర్‌ఎంపీ గారు సాయంత్రం బండి మీద వచ్చేసరికి అందులో పని చేసే మందు ఉండదు, పైకి చూస్తే మాత్రం మామూలుగానే కనిపిస్తుంది! క్లినిక్‌లో కూడా మొహమాటపడకుండా అడగండి. ఫ్రిజ్‌లో థర్మామీటరు ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, పెట్టె మీద ఏ సీజన్ అని ఉంది, గడువు తేదీ ఎప్పటిది. వైరస్ రూపు మార్చుకుంటూ ఉంటుంది కాబట్టి ఏటా టీకాలో ఏమేం ఉండాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అందుకే నిరుటి సరుకు పనికిరాదు, ఈ ఏడు వేయించినా వచ్చే ఏడు మళ్ళీ వేయించాలి. ధర కూడా ముందే కనుక్కోండి, ఇది పిల్లలకు ఉచితంగా వేసే సర్కారు టీకాల్లో లేదు.

ఇంకో కారణం, టీకా పడ్డాక ఆవిడని పావుగంటైనా అక్కడే కూర్చోబెట్టాలి. చాలా అరుదుగా ఎవరికైనా ఒంటికి పడకపోతే వెంటనే ఇచ్చే మందులు అక్కడ చేతికందేలా ఉంటాయి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. ఆ రోజు గట్టి జ్వరం ఉంటే తగ్గాక వెళ్ళండి, కాస్త ముక్కు కారడం అడ్డు కాదు.

అత్తయ్యగారి భయానికి మాత్రం ఇలా చెప్పండి. ఈ ఇంజెక్షన్‌లో ఉండేది చచ్చిన వైరస్ ముక్కలు, వాటికి ఫ్లూ తెప్పించే శక్తి లేదు. చెయ్యి ఒకటి రెండు రోజులు సలుపుతుంది, కొందరికి ఒళ్ళు వెచ్చబడుతుంది, తగ్గిపోతుంది. మామూలు జలుబులు వేరే వైరస్‌ల వల్ల వస్తాయి, వాటిని ఈ టీకా ఆపదు. ఫ్లూ అసలు రానే రాదని కూడా నేను చెప్పను, కానీ వచ్చినా పోయినేడులా ఆసుపత్రి పాలయ్యే ముప్పు బాగా తగ్గుతుంది. షుగరు, ఆయాసం ఉన్న మనిషికి అదే ముఖ్యం. న్యుమోనియా టీకా సంగతి కూడా అప్పుడే అడగండి, రెండూ ఒకేరోజు చెరో చేతికి వేయొచ్చు.

రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది. నెలగంట పెట్టేలోపు వేయిస్తే భోగి నాటికి నిశ్చింత. ఆలస్యమైనా మానకండి, మన దేశంలో జనవరి నుంచి మార్చి దాకా ఫ్లూ ఎక్కువగానే తిరుగుతుంది. దగ్గుతూ దిగిన మనవలు ముసలావిడ పక్కలో పడుకోకుండా చూడటం మాత్రం మీ పనే!

ప్రశ్న: నాకు ఏడో నెల. భీమవరంలో మా డాక్టరమ్మ ఫ్లూ టీకా వేయించుకోమన్నారు. బిడ్డకేమైనా అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ సోదరి, పశ్చిమగోదావరి

జవాబు: డాక్టరమ్మ మంచి మాట చెప్పారు, వేయించుకోండి తల్లీ. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ముక్కులో కొట్టే రకం ఫ్లూ టీకా మాత్రం గర్భిణులకు వద్దు, అందులో బతికున్న వైరస్ ఉంటుంది. పుట్టిన బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వేయరు, అప్పటిదాకా మీ ఒంట్లోంచి బిడ్డకు చేరే రక్షణే దిక్కు. పురిటికి పుట్టింటికి వెళ్ళేలోపు వేయించుకుని, తేదీ మీ కార్డు మీద రాయించుకోండి.