అమ్మడూ, పంజరం కంటే ముందు చేతులు చూడు

అమ్మడూ,

మీ నాన్న పేరు మీద నిధి పెడుతున్నావని, దెబ్బతిన్న అడవి జంతువులకీ పక్షులకీ వైద్యం చేసే కేంద్రానికి, అక్కడ పని నేర్చుకునే పిల్లలకి ఆ డబ్బు వెళ్తుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచి ఒక పక్క గర్వం, ఒక పక్క టెన్షన్. నీకు నాన్నయితే నాకు తమ్ముడు, అందుకే నువ్వు అడగకపోయినా రాస్తున్నాను.

మామూలు సంగతులు నీకు తెలిసే ఉంటాయి. వేరే ఖాతా, ఇద్దరి సంతకాలు, ఏటా ఆడిట్. కేంద్రానికి అనుమతి ఉందో లేదో కాగితం చూశాకే నమ్ము. నిధిలోంచి ఏడాదికి వందకి నాలుగో అయిదో మించి తీయకపోతే చాలాకాలం నిలుస్తుంది.

ఇక నా తప్పు విను. చాలా ఏళ్ల కింద నా స్నేహితురాలు పోయినప్పుడు చందాలు వేసుకుని ఇలాంటిదే ఒకటి పెట్టాం. ఏడుపులో ఉన్నాం కదా, కళ్లకి కనబడేది ఏదో ఒకటి కట్టాలనిపించింది. వచ్చిందంతా పోసి, కోలుకున్న పక్షులు బయటికి వదిలే ముందు ఎగరడం సాధన చేసుకునే పెద్ద పంజరం కట్టించాం, గుమ్మం మీద ఆమె పేరుతో రాతి పలక. డబ్బు ఎవరూ తినేయకుండా కాగితంలో "కట్టడాలకు మాత్రమే" అని రాయించింది నేనే, నా అతి తెలివి. పక్షులు పిల్లలు పెట్టే కాలం వచ్చింది. గూళ్లలోంచి పడ్డవి అట్టపెట్టెల్లో వరసగా. పురుగులు తినే పిట్టకూనకి తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఇరవై నిమిషాలకో అరగంటకో నోట్లో పెడుతూనే ఉండాలి. పలక మెరుస్తోంది, మేతకి డబ్బు లేదు, పెట్టడానికి చేతులు లేవు. ఉన్నది ఒక్క ఇంటర్న్, స్టైపెండ్ లేదు కాబట్టి రాత్రిళ్లు ఇంకో ఉద్యోగం చేసి పొద్దున్నే వచ్చేది. ఒక మధ్యాహ్నం కునికిపాట్లు పడుతూ, ఒళ్లింకా చల్లగా ఉన్న కూనకి సిరంజితో నీళ్లు పట్టింది. పక్షికి గాలిగొట్టం నోరు నాలుక మొదట్లోనే ఉంటుంది, తొందరపడి పోస్తే నీళ్లు అటే జారతాయి. ముందు వెచ్చబెట్టాలి, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. ముక్కు దగ్గర చిన్న బుడగ వచ్చింది, రెండుసార్లు నోరు తెరిచింది, ఆమె అరచేతిలోనే పోయింది.

నేను అందరి ముందూ అరిచాను. ఆ వరస తనకి ఎవరూ నేర్పలేదని, నేర్పే మనిషికి జీతం ఇవ్వనీయకుండా అడ్డుపడింది నా కాగితమేనని అప్పుడు తట్టలేదు. ఆమె పెట్టె కడిగి బోర్లించి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. క్షమించమని అడుగుదామంటే చిరునామా కూడా లేదు, జీతం లేనివాళ్ల వివరాలు మేం రాసుకునేవాళ్లమే కాదు.

అందుకే నీ కాగితంలో మాటలు ఇరుకుగా పెట్టకు. మేత, మందులు, స్టైపెండ్, నేర్పేవాళ్ల జీతం అన్నీ ఇమడాలి. క్షీరదాలని ముట్టుకునే ప్రతి ఇంటర్న్‌కీ రేబిస్ టీకా ముందే వేయించాలి (ఏదైనా కరిస్తే మళ్లీ డోసులు తప్పవు, అది వేరే సంగతి). గబ్బిలం పంటిగాటు ఒక్కోసారి కంటికి కూడా ఆనదు, నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. టీకాకి డబ్బు లేదంటారా, ఆ ఏడాది ఇంటర్న్‌లనే తీసుకోవద్దను.

చందా ఇచ్చినవాళ్లు గుడ్లగూబ పిల్లని ఎత్తుకుని ఫొటో దిగుతామంటారు. మొహమాటపడకు. కాలిఫోర్నియా కాండర్లు (అమెరికాలోని పెద్ద రాబందులు) 27 మాత్రమే మిగిలి, 1987లో చివరి దాన్ని కూడా పట్టి తెచ్చాక, పిల్లలకి మనిషి కనబడకుండా కాండర్ తలలాంటి తొడుగు చేతికి వేసుకుని మేత పెట్టారు. మనిషికి మాలిమి అయిన పిల్ల అడవిలో బతకలేదనే కదా అంత పాట్లు.

మీ నాన్న ఆరేళ్లప్పుడు చొక్కా జేబులో ఉడుత పిల్లని పెట్టుకొచ్చాడు. ఆవుపాలు పడవని నాకేం తెలుసు, దూదితో పట్టాను. మూడో రోజు పోయింది. "నీకు తెలీనప్పుడు ఎందుకు పట్టావక్కా" అని వారం రోజులు నాతో మాట్లాడలేదు వెధవ.

పలక వద్దని అనను, చిన్నది పెట్టుకో. మొదటి ఇంటర్న్ ఏడాది స్టైపెండ్ నేనిస్తాను, కాదనకు. సంతకం పెట్టే ముందు కాగితం మొత్తం నాకు ఫోన్లో చదివి వినిపించు, పంపితే లాభం లేదు, ఆ చిన్న అక్షరాలు నాకిప్పుడు ఆనడం లేదు.

మీ అత్త