బుల్డోజర్ షెడ్డు మాన్పించి ఏఐ కోర్సులో చేర్పించాలా?

ప్రశ్న: మాది వనస్థలిపురం. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, ఆటోనగర్‌లో పెద్ద మెషిన్లు రిపేరు చేసే షెడ్డులో ఏడాదిగా పనిచేస్తున్నాడు. ఆదివారం కూడా ఇంటిపట్టున ఉండడు. మొన్నొక పాత బుల్డోజర్ పొద్దున పూట స్టార్ట్ కావడం లేదని రెండు రోజులు దాని దగ్గరే ఉన్నాడు. బ్యాటరీలు మార్చినా లాభం లేకపోయిందట. చివరికి ట్యాంకు నుంచి వచ్చే పైపు జాయింటు గాలి పీలుస్తోందని వీడే కనిపెట్టాడట, అదేదో ఘనకార్యంలా చెబుతున్నాడు. పక్కింటి అబ్బాయికి సాఫ్ట్‌వేర్‌లో ఏడు లక్షల ప్యాకేజీ. అందుకే అమీర్‌పేటలో ఆరు నెలల ఏఐ, డేటా సైన్స్ కోర్సుకు అడ్వాన్స్ కట్టాను. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పైకి పోలిక అడుగుతారు, లోపల ఉన్న దిగులు వేరు. నలుగురిలో వీడి గురించి ఏం చెప్పుకోవాలి, రేపు సంబంధాలు వస్తే ఏమనాలి అన్నది అసలు టెన్షన్. ఆ దిగులు తప్పని నేననను. కానీ దాన్ని తీర్చడం కోసం పిల్లవాడిని కోర్సులో వేయకూడదు.

మీరు తీసిపారేసిన ఆ బుల్డోజర్ సంగతే ముందు చూద్దాం. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. అందుకు ఇంజిన్ తగినంత వేగంగా తిరగాలి, కంప్రెషన్ (గాలిని అలా నొక్కే బలం) ఉండాలి, గాలి కలవని డీజిల్ సరైన సమయానికి అందాలి. వీటిలో ఏది తప్పినా ఓనరుకు తెలిసేది ఒకటే, బండి స్టార్ట్ కావడం లేదని. అందుకే చాలాచోట్ల ముందు బ్యాటరీలు మారుస్తారు, తర్వాత ఇంజెక్టర్లు, ఆ తర్వాత పంపు విప్పుతారు. డబ్బు పోతుంది, రోగం అలాగే ఉంటుంది.

పని తెలిసినవాడు సెల్ఫ్ కొట్టించి సైలెన్సర్ వైపు చూస్తాడు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ లోపలికి వెళ్తోంది కానీ మండడం లేదు. అప్పుడు కంప్రెషన్, టైమింగ్, ఇంజిన్ తిరిగే వేగం చూడాలి. అసలు పొగే లేదంటే డీజిల్ అందడం లేదు. పొద్దున మొండికేసి, ఒకసారి అందుకున్నాక సాయంత్రం దాకా చక్కగా నడిచే బండిలో, రాత్రికి రాత్రి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారి పైపులో ఎయిర్ పడుతోందేమోనని అనుమానించాలి. అయితే ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో పంపు డీజిల్‌ను లాగుతుంటుంది. అక్కడ జాయింటు లూజైతే చుక్క కూడా బయటికి కారకపోవచ్చు, గాలి మాత్రం లోపలికి దూరుతుంది. తడి కనిపించని లీకు అది. పంపుకు ముందు లోపలికి కనిపించే ప్లాస్టిక్ గొట్టం ముక్క పెట్టి బుడగలు వస్తున్నాయా అని చూస్తారు. అనుభవమున్న మెకానిక్‌లను కూడా ముప్పుతిప్పలు పెట్టే లోపం ఇది. హైదరాబాద్ చలికి మొరాయించిందిలే అని వదిలేయకుండా ఏడాది అనుభవంతో మీవాడు దాన్ని పట్టుకున్నాడు.

ఆ రాత్రి వాడు చెబుతుంటే "ఎలా కనిపెట్టావురా?" అని ఒక్క మాటైనా అడిగారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ తెలుసు మీకు, సొంత కొడుకు ఏ పనిలో గట్టివాడో తెలియదు. కటువుగా ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు.

ఇక ఏఐ కోర్సు. ఆ రంగం అబద్ధమని నేననడం లేదు. లెక్కలు, ప్రోగ్రామింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లలకు అది మంచి దారే. నా అనుమానమంతా ఆరు నెలల్లో ఆ దారి దాటిస్తామనే వాళ్ల మీద. స్టాటిస్టిక్స్ పునాది లేకుండా రెడీమేడ్ కోడ్ నడిపించడం నేర్పుతారు. బ్యాచ్ మొత్తం రెజ్యూమెలో ఇళ్ల ధరలు అంచనా వేసే ప్రాజెక్టే ఉంటుంది. ఇంటర్వ్యూలో "ఈ మోడలే ఎందుకు వాడావు?" అని అడిగితే నీళ్లు నములుతారు. పైగా అదే ఉద్యోగానికి నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లు వరసలో ఉంటారు. అలా బయటికొచ్చి, ఇంకో కోర్సులో చేరి, ఏడాదిన్నర తర్వాత పాత పనికీ పోలేక ఇంట్లో కూర్చున్న పిల్లలను నేను చూస్తూనే ఉన్నాను. మీవాడికి ఇష్టమో కాదో కూడా మీరు రాయలేదు.

డీజిల్ ఇంకెన్నాళ్లు అంటారా? 2025 జనవరి 1 నుంచి మన దేశంలో తయారయ్యే చక్రాల నిర్మాణ యంత్రాలకు స్టేజ్-5 కాలుష్య నిబంధనలు వచ్చాయి. వాటిలోనూ ఎక్కువ భాగం డీజిల్‌వే, కాకపోతే సెన్సర్లు, ఇంజిన్‌ను అదుపు చేసే చిన్న కంప్యూటర్ (ఈసీయూ) ఉంటాయి. కాబట్టి మీవాడు వైరింగ్ డయాగ్రం చదవడం, మల్టీమీటర్ వాడడం, హైడ్రాలిక్స్, ల్యాప్‌టాప్‌తో లోపాన్ని సూచించే ఫాల్ట్ కోడ్‌లు చూడడం నేర్చుకోవాలి. ఇంకో ఏడాది షెడ్డులో ఉండి, మెషిన్ కంపెనీల డీలర్ల దగ్గర సర్వీస్ ఇంజినీర్ ఉద్యోగాలకు ప్రయత్నించవచ్చు. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో నడిచేవీ ఈ జాతి యంత్రాలే, ఆ నోటిఫికేషన్లు చూస్తుండాలి. డిప్లొమా చేసినవాళ్లు బీటెక్ రెండో ఏడాదిలో చేరడానికి రాసే ఈసెట్ ఎలాగూ ఉంది. ఆ తలుపు మూసుకోలేదు, బీటెక్ ఆశ ఉంటే అటు వెళ్లవచ్చు.

మీరు నిజంగా పట్టించుకోవాల్సినవి వేరే ఉన్నాయి. బండి కిందికి దూరే ముందు బ్లేడు నేల మీదికి దించుతున్నారా, బ్యాటరీ కనెక్షన్ తీస్తున్నారా అడగండి. స్టార్ట్ కాని ఇంజిన్‌లోకి ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టే అలవాటు కొన్ని షెడ్లలో ఉంటుంది. ఇంజిన్‌ను ముందే వేడిచేసే గ్లో ప్లగ్‌లు గానీ, ఎయిర్ హీటర్ గానీ ఉంటే అది పేలగలదు. ఆ పని చేయనని మీవాడి చేత గట్టిగా చెప్పించుకోండి. జీతం బ్యాంకులో పడుతోందా, పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా చూడండి. లేకపోతే ఓనరుతో మాట్లాడాల్సింది మీరే.

కోర్సుకు కట్టిన అడ్వాన్స్ రశీదు ఉంటే, క్లాసులు మొదలుకాక ముందే వెళ్లి రాతపూర్వకంగా వెనక్కి అడగండి. ఇచ్చిన లెటర్ కాపీ మీద వాళ్ల సంతకం తీసుకోండి.