అభివృద్ధి కూడా విషమేనా మాస్టారూ?

సందేహం: మాస్టారూ, నేను బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తాను. పదో తరగతి కుర్రాడి సంచిలో పెన్నులాంటి ఈ-సిగరెట్ దొరికింది. వీటి లిక్విడ్ గురించి జంతువుల మీద చేసిన పరిశోధనల సంగతి నోటీసు బోర్డులో పెడదామని ఫోన్‌లో అనువాదం చేయిస్తే "ఈ-సిగరెట్ ద్రవ పదార్థాల యొక్క అభివృద్ధి మరియు ప్రవర్తనా విషపూరితం" అని వచ్చింది. మా తెలుగు మేడమ్ దాన్ని "విషతుల్యత" అని దిద్దారు. ఏది ఒప్పు? పీల్చేదాన్ని ఆవిరి అనాలా, పొగ అనాలా?

సమాధానం: రెండూ అతకలేదండీ. విషపూరితం అంటే విషం నిండినది. అది విశేషణం, గుణానికి పేరు కాదు. మేడమ్ గారి మాట కొంచెం నయమే గానీ, విషతుల్యం అంటే విషంతో సమానం. ఫ్యాక్టరీ మురుగు కలిసి చెరువు నీళ్లు విషతుల్యమయ్యాయి అంటే బాగుంటుంది, ఎందుకంటే నీళ్లు విషం కావు, అలా తయారయ్యాయి. నికోటిన్‌ని పట్టుకుని విషతుల్యం అనడం పులిని చూసి "పులిలాగా ఉందే" అన్నట్టు. పొగాకు కషాయం కాచి పురుగులకి కొట్టే రైతుని అడగండి, అది విషమో విషంలాంటిదో చెప్తాడు.

పదార్థంలో ఉండేదాన్ని విషగుణం అనండి, ఒంటి మీద అది చేసే పనిని విషప్రభావం అనండి. మీకు కావలసింది రెండోది. తెలుగులో ఇంకో సుఖం ఉంది, విషం అనగానే "ఎవరికి?" అని భాషే అడుగుతుంది. ఈ లిక్విడ్‌లో ఎక్కువ భాగం ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్. ఆ ప్రొపిలీన్ గ్లైకాల్‌ని మన తినుబండారాల్లో కొద్దిగా వాడనిస్తారు, పిల్లులకైతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయని అమెరికాలో పిల్లుల తిండిలో కలపనివ్వరు. దాల్చినచెక్క వాసన కోసం వేసే సినమాల్డిహైడూ అంతే, పలావులో తింటే ఏమీ అనదు గానీ ఊపిరితిత్తుల కణాల మీద పరీక్షిస్తే హాని కనిపించింది. కాబట్టి ఎవరికి, ఏ దారిన, ఎంత అన్నవి వాక్యంలోకి రావాలి. రాకపోతే అది సైన్సూ కాదు, తెలుగూ కాదు.

ఇక "అభివృద్ధి". మనకి అభివృద్ధి అంటే రోడ్డు, కాలవ, ఎమ్మెల్యే గారి శిలాఫలకం. కడుపులో బిడ్డకి, గుడ్డులో పిల్లకి ఉండేది ఎదుగుదల. "అభివృద్ధి విషం" అని బోర్డు మీద పెడితే ఊళ్లో వేరే గొడవ మొదలవుతుంది. "ప్రవర్తన"తోనూ చిక్కే, అది టీసీ మీద "సంతృప్తికరం" అని రాసే మాట, మంచీ చెడూ అంటుకుని ఉంటాయి. చేపపిల్లకి సత్ప్రవర్తన ఏమిటి? ఇలాంటి పరీక్షలకి వాడే జీబ్రా చేప గుడ్డు అద్దంలా ఉంటుంది, లోపల పిల్ల ఎదగడం బయటికే కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో బయటపడుతుంది. ఐదారు రోజుల పిల్లల్ని పెట్టి ఠక్కున లైటు ఆర్పేస్తే గాభరాగా అటూ ఇటూ ఈదుతాయి, పరీక్షించే రసాయనం తగిలిన పిల్లలు మామూలు కంటే ఎక్కువ ఈదాయా తక్కువ ఈదాయా అని కెమెరాతో లెక్కేస్తారు. దీన్ని "కదలికల తీరు" అంటే సరిపోతుంది. నికోటిన్ మావి దాటి పిండానికి చేరుతుంది, కడుపుతో ఉన్న ఎలుకలకి అది ఇచ్చి చూసిన ప్రయోగాల్లో పుట్టిన పిల్లలు కుదురు లేకుండా తిరగడం కనిపించింది. కుదురు! ఇంత మంచి మాట చేతిలో ఉండగా "అతి చురుకుదనం" అని రాస్తారేమిటో, అది మెచ్చుకోలులా లేదూ?

ఆవిరి సంగతి. ఇది ఇడ్లీ పాత్రలోంచి వచ్చేది కాదు, వేడికి లేచిన సన్నటి తుంపర. పైగా మనకి ఆవిరి అంటే జలుబుకి పట్టేది, వైద్యం. ఆ పేరు పెడితే పిల్లలకి ధైర్యం మనమే చెప్పినట్టు. అలాగని పొగ అందామంటే ఇక్కడ ఏదీ కాలదు. మా సిక్కోలులో మా మామ్మ అడ్డపొగ తాగేది, వెలిగిన కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, ఆ చుట్ట నోట్లో ఉండగానే చేపలు ఒలిచేది. ఆమె అంగిలి తెల్లగా మచ్చలు కట్టి ఉండేది. అది కాల్చడం. దీన్ని కాల్చడం అని రాశారంటే మీ కుర్రాళ్లు "మేం ఏమీ కాల్చట్లేదు సార్" అనేస్తారు. పీల్చడం అనండి, తప్పించుకోలేరు.

బోర్డు మీద ఇలా రాయండి: "ఈ-సిగరెట్ లిక్విడ్‌లోని నికోటిన్ తల్లి కడుపులో ఉండగా చేరితే ఎలుక పిల్లల ఎదుగుదల మీద, కుదురు మీద దెబ్బ కొడుతుందని ప్రయోగాల్లో తేలింది. మన దేశంలో వీటిని తయారు చేయడం, అమ్మడం, నిల్వ ఉంచడం 2019 చట్టం ప్రకారం నేరం." యొక్క లేదు, మరియు లేదు. మేడమ్ గారికి చూపించి, ఆవిడ ఇంకేమైనా దిద్దితే నాకూ రాయండి.