సముద్రపు ఒడ్డు ఊరి గురించి రాయబోయే ముందు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న విహార నగరం మీద ఆదివారం సంచికకు ప్రొఫైల్ రాయమన్నారనీ, కొన్ని ఊళ్ళ పేర్లు నలుగుతున్నాయి గానీ ఏదీ ఖాయం కాలేదనీ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందనీ రాశావు. ఊరు ఖాయం కాకపోవడం ఒకందుకు మంచిదే. అయ్యుంటే ఈపాటికి ఆ ఊళ్ళో ‘చూడదగ్గ 10 ప్రదేశాలు’ చదివేసి ఉండేదానివి. అవి ఒకసారి బుర్రకెక్కితే దింపడం కష్టం.

పత్రిక డెస్కులో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి కాపీలు, అంటే అచ్చుకు ముందు వచ్చే వ్యాసాలు, చాలా దిద్దాను. దాదాపు అన్నీ ఒకేలా మొదలయ్యేవి. సూర్యోదయం, నురుగు అలలు, వలలు విప్పుతున్న జాలర్లు, ఆపైన ‘పర్యాటకుల స్వర్గధామం’. ఊరి పేరు కొట్టేసి ఇంకో ఊరి పేరు పెట్టినా ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. అలలు ఎక్కడైనా అలలే కదా. తేడా అంతా జనం అక్కడికి ఎందుకొచ్చారు, ఎలా వచ్చారు, ఎందుకు రావడం మానేశారు అన్న దగ్గరుంటుంది.

నా అనుభవంలో తేలింది ఒకటి చెప్తాను. విహార నగరం తలరాతను ఆ ఊళ్ళో ఎవరూ రాయరు. ఎక్కడో ఒక డాక్టరు రాస్తాడు, ఎక్కడో ఒక పార్లమెంటు రాస్తుంది, రైలు కంపెనీ రాస్తుంది, పక్క రాష్ట్రం రాస్తుంది. కాబట్టి ఊళ్ళో ఎంత తిరుగుతావో ఊరి బయట కూడా అంత వెతకాలి. ఇది చెయ్యకుండా రాసిన ప్రొఫైల్ టూరిజం శాఖ బ్రోషర్ అవుతుంది.

ఇంగ్లండ్‌లో బ్రైటన్ సంగతి చూడు. 18వ శతాబ్దం మొదట్లో అది తుపాన్ల దెబ్బ తిన్న జాలర్ల ఊరు. 1750లో రిచర్డ్ రస్సెల్ అనే డాక్టరు, సముద్రపు నీళ్ళు గ్రంథుల జబ్బులకు మందని పుస్తకం రాశాడు. అందులో మునగడమే కాదు, ఆ నీళ్ళు తాగమని కూడా చెప్పాడు. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది గానీ అప్పట్లో డబ్బున్న రోగులు నమ్మారు. రోగుల వెంట బంధువులొచ్చారు, వాళ్ళ వెంట వంటవాళ్ళు, దర్జీలు, నాట్యం నేర్పేవాళ్ళు వచ్చారు. 1783లో యువరాజు కూడా వచ్చాడు, తరవాత నాలుగో జార్జి రాజైంది ఆయనే. ఆయన సరదా పడి కట్టించుకున్న రాయల్ పెవిలియన్‌కు మన దేశపు కోటల మాదిరి గుమ్మటాలు పెట్టారు. (మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన భారతీయ సైనికులకు అదే భవనంలో ఆసుపత్రి నడిపారు. ఇలాంటి ముక్క దొరికితే వ్యాసం పక్కన గడి కట్టి వేసే బాక్స్ ఐటమ్‌కి దాచుకో, అసలు కథలో ఇరికించకు.) 1841లో లండన్ నుంచి రైలొచ్చింది. పొద్దున వచ్చి రాత్రికి తిరిగిపోయే మామూలు జనం మొదలయ్యారు. విక్టోరియా రాణికి ఆ రద్దీ నచ్చలేదు, 1850లో పెవిలియన్ ఊరివాళ్ళ చేతికి అమ్ముడైపోయింది. 1801లో 7 వేల మంది ఉన్న ఊరు 1861కి 70 వేలు దాటింది. రాజు పోయినా రైలుంటే చాలని బ్రైటన్‌కు అర్థమైంది.

ఫ్రాన్స్‌లో కేన్స్‌ది ఇంకో దారి. 1834లో బ్రూమ్ ప్రభువు, అంటే బ్రిటన్‌లో లార్డ్ ఛాన్సలర్ అనే పెద్ద న్యాయ పదవి నుంచి అప్పుడే దిగినాయన, ఇటలీకి బయలుదేరాడు. కలరా భయంతో సరిహద్దు మూసేశారు. వెనక్కి తిరిగి ఒక చిన్న జాలర్ల ఊళ్ళో ఆగాడు. ఊరు నచ్చి అక్కడే బంగళా కట్టుకున్నాడు, ఆయన వెనకే ఇంగ్లీషు దొరలు వరస కట్టారు. వాళ్ళకు సీజనంటే చలికాలం! ఎండాకాలం ఆ తీరంలో హోటళ్ళకు తాళాలుండేవి. ఒళ్ళు కాల్చుకోవడం ఫ్యాషనై, వేసవి అసలు సీజన్‌గా మారింది 1920ల తరవాతే. అందుకని నీకిచ్చే ఊరికి సీజన్ ఎప్పుడంటే ‘ఎప్పటినుంచో ఇంతే’ అని ఎవరైనా చెబితే నమ్మకు. పాత హోటల్ ప్రకటనలు తిరగెయ్యి, నెలలు వేరే కనిపించవచ్చు.

సీజన్ అన్నాను కాబట్టి పండగల సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి ఊళ్ళల్లో ఏ ఉత్సవం ఎప్పుడు పెట్టారో చూస్తే డబ్బు కథ బయటపడుతుంది. కేన్స్ సినిమా ఉత్సవం 1939 సెప్టెంబరులో మొదలుకావలసింది, యుద్ధం వల్ల ఆగి 1946 సెప్టెంబరులో మొదలైంది. వేసవి జనం సామాన్లు సర్దుకునే నెల అది. అమెరికాలో అట్లాంటిక్ సిటీ వ్యాపారులు 1921లో అందాల పోటీ పెట్టారు, అదే తరవాత మిస్ అమెరికా అయింది. అదీ సెప్టెంబరే, సెలవులైపోయాక కూడా జనాన్ని ఇంకొన్నాళ్ళు ఆపడానికే. ఇంగ్లండ్‌లో బ్లాక్‌పూల్ అనే ఊరు 1879లోనే తీరం వెంట కరెంటు దీపాలు వెలిగించి చూపించింది. 1912 తరవాత, యుద్ధాల వల్ల మధ్యలో కొన్నేళ్ళు ఆగినా, ఆ దీపాలు శరదృతువు వేడుకగా స్థిరపడ్డాయి. ‘మా ఊరి సంస్కృతికి ప్రతీక’ అని నిర్వాహకులు చెప్పినప్పుడు నోట్ చేసుకో, కానీ హోటళ్ళ సంఘం ఆ వేడుకకు ఎంత చందా ఇచ్చిందో కూడా కనుక్కో.

అట్లాంటిక్ సిటీ పేరెత్తాను గనక దాని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే నేను చెప్పే మాటకు అంతకంటే మంచి సాక్ష్యం లేదు. అది రైలు కన్న ఊరు. ఇసుక దిబ్బల దీవిలో ఆరోగ్యం బాగుపడుతుందని జొనాథన్ పిట్నీ అనే డాక్టరు ప్రచారం చేశాడు. ఫిలడెల్ఫియా జనాన్ని తీసుకురావడానికి 1854లో రైలు వేశారు, స్టేషన్ చుట్టూ ఊరు లేచింది. 1870లో అక్కడ ప్రసిద్ధమైన చెక్క బాట వేశారు. షికారు కోసం అనుకుంటారు అందరూ. అసలు కారణం, జనం కాళ్ళకంటిన ఇసుక రైలు పెట్టెల్లోకీ హోటళ్ళ తివాచీల మీదికీ రాకుండా చూడాలని ఒక రైలు కండక్టరూ ఒక హోటల్ యజమానీ పట్టుబట్టడం. మొదటి బాటను ముక్కలుగా చేశారు, చలికాలం రాగానే ఊడదీసి దాచేవాళ్ళు. చూశావా, ఊరి గుర్తుగా నిలిచిపోయినదాని వెనక ఎంత చిల్లర అవసరం ఉందో! ప్రతి ఊరికీ ఇలాంటిదొకటి ఉంటుంది, దాని వెనక ఎవరి ఫిర్యాదు ఉందో పట్టుకో.

తరవాత కార్లొచ్చాయి, విమానాలొచ్చాయి, ఇళ్ళల్లో ఏసీలొచ్చాయి. ఫిలడెల్ఫియా వాళ్ళకు చల్లగాలి కోసం అక్కడికే రావలసిన పని తప్పింది. 1964లో ఒక పెద్ద రాజకీయ పార్టీ మహాసభ అక్కడ పెడితే, దేశం నలుమూలల నుంచి వచ్చిన విలేకరులు పాతబడ్డ హోటళ్ళను చూసి ఊరి పరువు తీసేశారు. 1976లో ఓటు పెట్టి జూదానికి అనుమతిచ్చారు, 1978లో మొదటి కాసినో తెరిచారు. చుట్టుపక్కల రాష్ట్రాల్లో కాసినోలు లేనంతకాలం డబ్బు వరదలా వచ్చింది. ఆ రాష్ట్రాలు కూడా అనుమతులు ఇచ్చేసరికి, 2014 ఒక్క ఏడాదిలోనే 12 కాసినోల్లో 4 మూతపడ్డాయి. అట్లాంటిక్ సిటీ ఏం తప్పు చేసింది? పెద్దగా ఏమీ లేదు. నిర్ణయాలు వేరే రాజధానుల్లో జరిగాయి, ఉద్యోగాలు ఇక్కడ పోయాయి.

ఒకచోట పోయిన జనం ఇంకోచోట తేలతారు. బ్లాక్‌పూల్‌ను పోషించింది లాంకషైర్ నూలు మిల్లులు. ఒక్కో మిల్లు ఊరు ఏడాదిలో ఒక్కో వారం మిల్లులన్నీ మూసేది, ఊరు ఊరంతా రైలెక్కేది. మిల్లులు పోయాయి, చౌక విమానాలు వచ్చాయి, ఆ కుటుంబాలు స్పెయిన్ ఎండకు అలవాటుపడ్డాయి. అక్కడ బెనిడార్మ్ అనే ట్యూనా వేట ఊరు 1956లోనే పట్టణ ప్రణాళిక వేసుకుని కాచుకుని ఉంది. నీకిచ్చే ఊరు ఎవరి జనాన్ని తీసుకుంది, దాని జనాన్ని ఎవరు తీసుకున్నారు? ఈ జంట ఊరిని కనిపెడితే సగం వ్యాసం వచ్చేసినట్టే.

అంకెల దగ్గర జాగ్రత్త. జనాభా లెక్క ఏ నెలలో తీశారో చూడకుండా వాడకు. బ్రిటన్‌లో 1921 జనాభా లెక్కలు సమ్మెల గొడవ వల్ల ఏప్రిల్ నుంచి జూన్‌కు వాయిదా పడ్డాయి. దాంతో సెలవులకొచ్చినవాళ్ళు కూడా లెక్కలోకి వచ్చి తీరం ఊళ్ళ జనాభా ఉబ్బిపోయింది. అలాగే ‘ఏటా ఇన్ని లక్షల మంది సందర్శకులు’ అనే అంకెకు ఏ విలువా లేదు, పొద్దున వచ్చి ఇంట్లోంచి తెచ్చుకున్నది తిని సాయంత్రం పోయేవాణ్ణీ, వారం గది తీసుకున్నవాణ్ణీ ఒకే గాటన కట్టేస్తారు. ఎన్ని గదులు ఎన్ని రాత్రులు నిండాయో అడుగు. హోటళ్ళ సంఘం చెప్పకపోతే హోటళ్ళ దుప్పట్లు ఉతికే లాండ్రీకి వెళ్ళు. ఏ నెలలో ఎన్ని దుప్పట్లు వస్తాయో అక్కడ అబద్ధం చెప్పాల్సిన పని ఎవరికీ లేదు.

నీళ్ళ సంగతి తప్పకుండా అడుగు. బెనిడార్మ్‌లో స్థిరంగా ఉండేవాళ్ళు 70 వేల చిల్లర. వేసవిలో దానికి ఎన్నో రెట్లు ఉంటారు. కుళాయిలు, డ్రైనేజీ, ఆసుపత్రి మంచాలు అన్నీ ఆ పెద్ద అంకెకు సరిపోవాలి, పన్నులు కట్టేది మాత్రం చిన్న అంకె. 1978 కరువులో అక్కడికి ఓడల్లో నీళ్ళు తెచ్చారు. మున్సిపల్ ఇంజనీరుతో గంట కూర్చుంటే మేయరుతో రోజంతా కూర్చున్నా దొరకనిది దొరుకుతుంది.

ఇసుకా అంతే. అది ఒకచోట ఉండదు. అలలు ఏటవాలుగా తగిలే తీరంలో ఇసుక ఒడ్డు వెంట ఒకే దిక్కుకు కొట్టుకుపోతూ ఉంటుంది, ఎగువ నుంచి వచ్చేది దాన్ని భర్తీ చేస్తుంది. ఎగువన రేవు గోడ కట్టినా, నది మీద డ్యామ్ కట్టినా భర్తీ తగ్గిపోతుంది. అప్పుడు ఊరివాళ్ళు రాళ్ళతో అడ్డుకట్టలు వేస్తారు. అవి తమ ఇసుకను ఆపి అవతలి ఊరి బీచ్‌ను కోసేస్తాయి. లేదా సముద్రం అడుగు నుంచి తోడి పోస్తారు, కొన్నేళ్ళకు మళ్ళీ పొయ్యాలి. బిల్లు ఎవరు కడుతున్నారో అడుగు. ఇక్కడ కూడా కారణం ఊరి బయటే దొరకడం మామూలే.

ఆఫ్ సీజన్‌లో వెళ్ళమని నీకు అందరూ చెప్తారు. వెళ్ళొచ్చు. కానీ ఖాళీ బెంచీలు, మూసేసిన ఐస్‌క్రీం బండి కూడా ఇప్పుడు సూర్యోదయం లాగే అరిగిపోయాయి. నన్నడిగితే సీజన్ మొదలయ్యే వారంలోనో ముగిసే వారంలోనో వెళ్ళు. కూలీలు దిగే వారం, రంగులు వేసే వారం, అడ్వాన్సులు ఇచ్చే వారం. లేదంటే లెక్కలు చూసి పంపేసే వారం. గదులు ఊడ్చే ఆడవాళ్ళు జీతం లేని నెలల్లో ఎలా గడుపుతారో, ఇంటి అద్దెలు ఏ నెలలో పెంచుతారో, బడిలో పిల్లలు ఏడాది మధ్యలో ఎందుకు మానేస్తారో అప్పుడు అడిగితే చెప్తారు. రద్దీ రోజుల్లో వాళ్ళకు నీతో మాట్లాడే తీరిక ఉండదు.

పాత లాడ్జిల పైఅంతస్తుల్లో ఇప్పుడు ఎవరుంటున్నారో కూడా చూడు. టూరిస్టులు తగ్గిన ఊళ్ళల్లో ఆ గదులు చౌక అద్దెకు పోతాయి, ఎక్కడా చోటు దొరకనివాళ్ళు వచ్చి చేరతారు. ఇంగ్లండ్‌లో జేవిక్ అనే తీరం ఊరిని 1930లలో లండన్ వాళ్ళ సెలవు ఇళ్ళ కోసం వేశారు. తరవాత జనం ఏడాదంతా అందులోనే కాపురం పెట్టారు. 2010, 2015, 2019 ప్రభుత్వ లెక్కల్లో మూడుసార్లూ దేశంలోకెల్లా వెనకబడిన పేట అదే. ఇలాంటి చోటికి వెళ్తే ఫోన్ తీసి ఫోటోలు మొదలుపెట్టకు. ముందు కూర్చుని మాట్లాడు. పేదరికాన్ని వింతలా రాసిన కాపీలు నాకు స్వర్గధామం కాపీల కంటే రోత.

రాసేటప్పుడు మేయరు మాటలు ఒక్క పేరాకు మించనివ్వకు. ‘కనువిందు’, ‘ఆహ్లాదం’, ‘నెలవు’ కనిపిస్తే కొట్టెయ్యి. తేదీలన్నీ ఒకచోట కుప్ప పొయ్యకు, కథ ఏ తేదీని అడిగితే దాన్నే ఇవ్వు. సముద్రాన్ని వర్ణించాలని చెయ్యి దురద పెడితే ఒక వాక్యం రాసుకో, దిద్దేటప్పుడు అదీ తీసెయ్యొచ్చు.

డ్రాఫ్ట్ పంపేటప్పుడు ఫోటోలు జతచెయ్యకు, అవి చూస్తే కాపీ మీద జాలి పడతాను. గురువారంలోగా పంపితే శుక్రవారం పొద్దున్నే చదివి ఫోన్ చేస్తాను. ఈ మధ్య చిన్న అక్షరాలు కనబడటం లేదు, ఫాంటు కాస్త పెద్దది పెట్టు. పెద్దమ్మ నిన్ను వేళకు తినమని మరీ మరీ చెప్పమంది.

మీ పెదనాన్న