తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో

డాలస్‌లో పెరుగుతున్న మీ ఆరేళ్ల పాప స్కూల్లో చేరినప్పటి నుంచి అన్నిటికీ ఇంగ్లీషులోనే జవాబిస్తోందన్నారు. కారణం బహుశా ఒకటే: ఇంగ్లీషులో అడిగినా ఇంట్లో పని జరిగిపోతోంది. 'ఐ వాంట్ మిల్క్' అనగానే పాలు వచ్చేస్తుంటే తెలుగెందుకు మాట్లాడుతుంది?

'మేం తెలుగులోనే మాట్లాడతాం' అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. అసలు సంగతి, పాప ఇంగ్లీషులో జవాబిచ్చాక మీరు అనే మాటలో ఉంది. నార్వేలో ఇంగ్లీషు, నార్వేజియన్ రెండూ వాడే కుటుంబాలను గమనించిన భాషాశాస్త్రవేత్త ఎలిజబెత్ లాంజా తల్లిదండ్రుల ఈ స్పందనలనే వర్గీకరించారు. ఒక కొసన తెలియనట్టు మళ్లీ అడగడం, రెండో కొసన తల్లిదండ్రులూ ఆ భాషలోకే మారిపోవడం.

ఇలా చేసి చూడండి:

1. 'పాలు కావాలా?' అనకండి, తలూపి ఊరుకుంటుంది. 'పాలు వేడిగా కావాలా, చల్లగానా?' అనండి. జవాబుకు కావలసిన మాట మీ ప్రశ్నలోనే ఉంటుంది.

2. అడిగాక ఆగండి. మనం తప్పేది ఇక్కడే. పొద్దున స్కూల్ బస్ హడావిడిలో మరీను. అందుకే రాత్రి అన్నం దగ్గర మొదలుపెట్టండి.

3. 'నాకు మిల్క్ చల్లగా' అన్నా సరే, ఇచ్చేయండి. దిద్దకండి.

4. అమ్మమ్మతో వీడియో కాల్‌లో మధ్యవర్తిత్వం మానేసి, మీరు పక్కగదిలోకి వెళ్లండి.

ఏడుస్తూ స్కూల్ గొడవ చెబుతుంటే మాత్రం ఏ భాషైనా వినండి.

మనబడి లాంటి వారాంతపు తెలుగు క్లాసుతో చదవడం, రాయడం వస్తాయి. మాట ఇంట్లోనే రావాలి.