ఎబిటా లాభంలో ఉన్నా ఫైబర్ షేరు ఎందుకు పడుతోంది?

మీరు ఎబిటా (వడ్డీ, పన్నులు, తరుగుదల వంటివి తీసేయకముందు లాభం) దగ్గరే ఆగిపోయారు, చిక్కంతా అక్కడే ఉంది. ఆదాయం పెరుగుతోంది, ఎబిటా లాభంలోకి వచ్చింది, అయినా షేరు ఎందుకు పడుతోందని అడిగారు. ఆ అంకెలో వడ్డీ కనిపించదు, కేబుల్ వేసే ఖర్చూ కనిపించదు. ఇంటర్నెట్ కేబుళ్లు వేసే ఫైబర్ కంపెనీ డబ్బు ఎక్కువగా పోయేది ఆ రెండింటికే.

1. కార్యకలాపాల నుంచి వచ్చిన నగదులోంచి మూలధన వ్యయం (కేబుల్ వేయడం లాంటి ఖర్చు) తీసేయండి. వడ్డీ ముందే తగ్గించారో లేదో చూసుకోండి. లోటు ఉంటే, చేతిలోని నగదు ఎన్ని నెలలకు సరిపోతుందో లెక్కవేయండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఏ ఏడాది ఎంత అప్పు తీర్చాలో చెప్పే పట్టిక. వార్షిక నివేదికలో ఆర్థిక లెక్కల వెనుక వివరణల్లో ఉంటుంది. మీరు లెక్కవేసిన నెలల్లోపే పెద్ద గడువు వస్తే, కంపెనీ కొత్త అప్పు ఎక్కువ వడ్డీకి తేవాలి, లేదా కొత్త షేర్లు జారీ చేసి మీ వాటా పలచన చేయాలి. రుణ ఒప్పందంలోని షరతులూ చదవండి. 2002 జనవరిలో గ్లోబల్ క్రాసింగ్ అనే ఫైబర్ కేబుల్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. దాని సముద్రగర్భ కేబుళ్లు పనిచేస్తూనే ఉన్నాయి, పాత వాటాదారులకు మాత్రం ఏమీ మిగల్లేదు. ఆస్తి మంచిదైనంత మాత్రాన షేరు సురక్షితం కాదు.

3. కేబుల్ చేరిన ఇళ్లలో ఎన్ని కనెక్షన్ తీసుకున్నాయి? రెండు మూడేళ్ల కిందట కేబుల్ వేసిన ప్రాంతాలను విడిగా చూడండి. అక్కడా ఆ శాతం పెరగకపోతే నేనైతే కొనను.