గేదెను అమ్మకండమ్మా

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. మా చెల్లికి 22 ఏళ్లు. జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్తాది. మూడు వారాల కిందట అక్కడి మేస్త్రీ దాన్ని పాడు చేశాడు. అది నోరు విప్పి నాకు చెప్పడానికే పది రోజులు పట్టింది. స్టేషనుకెళ్తే, జరిగిన చోటు మా పరిధి కాదని పంపించేశారు. ఊరి పెద్దలు లక్ష రూపాయలు ఇప్పిస్తాం, ఊరుకోండంటన్నారు. ఒక వకీలు బాబు ఫీజు నలభై వేలన్నారు. మాకున్నది ఒక్క పాడి గేదె. అమ్మేద్దామా? వకీలుని ఉచితంగా ఇస్తారని ఎవరో అన్నారు, నిజమేనా? ఇంత ఆలస్యమయ్యాక కేసు నిలబడుద్దా?
(పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాం.)

జవాబు: అమ్మా, గేదెను అమ్మకండి. ఉచితంగా వకీలుని ఇస్తారన్న మాట నిజం. అది ఎవరి దయా కాదు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం ఆడమనిషైతే చాలు, ఆదాయం ఎంతని అడగరు. మీకు ఎకరం పొలం ఉన్నా, తెల్లకార్డు లేకపోయినా మీ చెల్లికి ఆ హక్కు ఉంది.

శ్రీకాకుళంలో జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. అంత దూరం రాలేకపోతే సోంపేటలోనో టెక్కలిలోనో కోర్టులో మండల న్యాయ సేవల కమిటీ ఎక్కడని అడగండి. ఫోను మీదైతే 15100. తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు రాసిస్తే చాలు. రాయడం రాకపోతే అక్కడివాళ్లే రాసి, వేలిముద్ర వేయించుకుంటారు.

వేలిముద్ర అంటే ఒకటి గుర్తొస్తోంది. కొన్నేళ్ల కిందట మీ వైపు నుంచే ఒకామె నా దగ్గరకొచ్చింది. జీడి సొన తగిలి తగిలి ఆమె వేళ్లు నల్లబడి, చర్మం పెచ్చులూడిపోయి ఉన్నాయి. ఎన్నిసార్లు అద్దినా కాగితం మీద గీతలు పడలేదు, సిరా మరకే మిగిలింది. "చేతికి కూడా సాక్ష్యం లేకుండా పోయిందమ్మా" అంది. అప్పటికే చెవి కమ్మలు అమ్మి ఒక వకీలుకి పాతిక వేలు ఇచ్చేసింది. ఆ వకీలు పేరు రాయను. ఉచిత సహాయం సంగతి తెలిసి కూడా ఆమెకు చెప్పలేదని మాత్రం రాస్తాను. ఆ బోసి చెవులు నేను మర్చిపోలేదు. మీ గేదె గురించి చదవగానే మొదట అవే కళ్లముందుకొచ్చాయి.

ఉచితం అంటే సరిగ్గా చూడరేమోనన్న భయం మీకు కలగొచ్చు. ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇలాంటి కేసు నడిపేది ప్రభుత్వం. కోర్టులో వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటరు, ఆయనకి మీరు పైసా ఇవ్వక్కర్లేదు. మీ చెల్లికి ఇచ్చే వకీలు పని వేరు. స్టేషనులో ఆమె పక్కన ఉండాలి, కాగితాల్లో ఏం రాశారో చదివి చెప్పాలి, ప్రాసిక్యూటరుకి సాయపడాలి, వాడు బెయిలు అడిగితే ఈమె తరఫున అడ్డు చెప్పాలి. బెయిలు దగ్గర బాధితురాలి మాట వినాలని 2022లో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ వకీలుకి ఫీజు సంస్థ ఇస్తుంది. మిమ్మల్ని డబ్బు అడిగినా, వాయిదాకి రాకపోయినా సంస్థ సెక్రటరీకి రాసివ్వండి, వేరే వకీలుని అడగండి.

స్టేషను సంగతికొస్తే, వాళ్లు చెప్పింది తప్పు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు దాన్ని. 2024 జులై 1 నుంచి అమలైన కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ అది. అత్యాచారం ఫిర్యాదు తీసుకోనని అనడమే అధికారికి శిక్ష పడే నేరం. చెల్లి మాటలు రాసుకోవలసింది మహిళా అధికారి. స్టేషనుకి రాలేనంటే వాళ్లే ఇంటికి రావాలి. ఎఫ్ఐఆర్ నకలు డబ్బు తీసుకోకుండా చేతికివ్వాలి. అది తీసుకోకుండా కదలకండి.

మూడు వారాలు దాటినంత మాత్రాన కేసు పోదు. పరువు భయంతో ఆడవాళ్లు ఆలస్యం చేస్తారని కోర్టులకి తెలుసు, 1996లోనే సుప్రీంకోర్టు ఆ మాట రాసింది. ఎందుకు ఆలస్యమైందో మీ ఉత్తరంలో రాసినట్టే ఫిర్యాదులోనూ రాయించండి. ఆ రోజు కట్టుకున్న బట్టలు ఉతక్కుండా ఉంటే పాత పేపర్లో చుట్టి ఉంచండి, ప్లాస్టిక్ సంచి వద్దు, చెమ్మకి పాడవుతాయి. ఆసుపత్రిలో వైద్యం ఉచితం. ప్రైవేటు ఆసుపత్రి కూడా కాదనకూడదు. పరీక్షకి ఆమె ఒప్పుకోవాలి. రెండు వేళ్ల పరీక్ష చేయబోతే వద్దనండి, దాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో తప్పన్నది. నెల తప్పిందేమో అది కూడా చూపించుకోవాలి.

ఊరి పెద్దల లక్షకి చేతులు చాచకండి. అత్యాచారం కేసు రాజీ కుదుర్చుకునే కేసు కాదు. రేపు అదే లక్షని చూపించి డబ్బు కోసమే కేసు పెట్టారంటారు. ఆసరా కావాలంటే ప్రభుత్వం నుంచి అడగండి. 2018 నాటి పరిహార పథకంలో అత్యాచారానికి 4 లక్షల నుంచి 7 లక్షల వరకూ రాసి ఉంది. వాడికి శిక్ష పడేదాకా ఆగక్కర్లేదు, ముందుగా కొంత ఇమ్మని కూడా అడగొచ్చు. ఎఫ్ఐఆర్ నకలుతో అదే న్యాయ సేవాధికార సంస్థకి దరఖాస్తు పెట్టాలి. అడగకపోతే రాదు.

విచారణ తలుపులు మూసి జరుగుతుంది. ఆమె పేరు పేపర్లో వేసినా, వాట్సాప్‌లో తిప్పినా రెండేళ్ల దాకా జైలు.

అన్నీ రాశారు గానీ, చెల్లి ఏమంటోందో రాయలేదమ్మా. 22 ఏళ్ల మనిషి, కేసు ఆమెది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని అడగండి. కేసు పెట్టాలా వద్దా అని తేల్చుకోకముందే 15100కి చేసి వకీలుతో మాట్లాడొచ్చు. 181కి చేస్తే జిల్లాలోని సఖి కేంద్రంలో మనసు విప్పి చెప్పుకోవడానికి ఆడమనిషి ఉంటుంది. ఆసుపత్రికి వెళ్తే మాత్రం వాళ్లు పోలీసులకి కబురు పెడతారు, ఆ సంగతి ఆమెకి ముందే చెప్పండి. ఏ రోజు ఏ గుమ్మం తొక్కాలో ఆమెనే చెప్పనివ్వండి. మీరు పక్కన నడవండి.